బోలు ఎముకల వ్యాధి: మందు ఎవరికి అవసరము?

గ్రామములలో వృద్ధ స్త్రీలు జారిపడి తుంటి విరుగగొట్టుకొనుట మనమందరము చిన్ననాటినుండి చూచుచున్న సంగతియే. బోరింగు గట్టుమీది పాచిలోనో, చీకటిలో గడప దాటుచునో, పశువుల పాకలో పేడమీదనో కాలు జారును. అది పెద్ద దెబ్బ కూడ కాదు. పడుచువారైనచో దులుపుకొని లేచి పోవుదురు. డెబ్బది ఏండ్ల అవ్వ మాత్రము లేవలేదు. ముసలి ఎముక, విరుగక ఏమగునని ఇరుగుపొరుగువారు సరిపెట్టుకొందురు. తరువాత మంచము, మంచమునుండి వీపుపుండ్లు, ఊపిరితిత్తుల జ్వరము. తుంటి విరిగిన వృద్ధులలో ఇంచుమించు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరుగకమునుపే మరణించుచున్నారని పెక్కు దేశముల ఆసుపత్రి లెక్కలు తెలుపుచున్నవి. బ్రతికినవారిలో అనేకులు మరల తమంతట తాము నడచి వీధిలోనికి రాలేరు.

ఎముక ఇట్లు లోలోపల గుల్లబారి, చిన్న దెబ్బకే విరుగు స్థితిని బోలు ఎముకల వ్యాధి అందురు. దీనికి మంచి మందులు ఉన్నవి. వానిని వాడవలసినవారు వాడుట లేదు. వాడనక్కరలేనివారు కొందరు వాడుచున్నారు. ఇది నేను కల్పించి చెప్పుమాట కాదు. ఇటీవల పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో ఆరోగ్య విషయములను గూర్చి ప్రసంగించుటకు వెళ్లినప్పుడు ఈ రెండును ఒక్క వీధిలోనే ఎదురైనవి.

ప్రసంగము ముగిసిన తరువాత ఒక వార్డు సభ్యురాలు లేచి ఇట్లడిగినది: “అయ్యా, మా అత్తగారికి డాక్టరుగారు వారానికొక మాత్ర రాశారు. ఆ మాత్ర వేసుకుంటే దవడ ఎముక చచ్చిపోతుందని మా మరిది సెల్‌ఫోనులో చూశాడట. నాలుగు వారాలు వేసుకుని మానేసింది. మళ్లీ వేసుకోమనాలా, వద్దా?”

“అమ్మా, మీ అత్తగారికి ఎన్నేళ్లు? ఇంతకుముందు ఏ ఎముకైనా విరిగిందా?” అని అడిగితిని.

ఆమెకు డెబ్బది రెండేండ్లట. రెండేండ్ల క్రిందట వాకిట్లో తూలిపడి మణికట్టు విరిగినదట. పుత్తూరు కట్టు కట్టించుకొనగా అతికినదట. నడుము వంగినది. పూర్వము నిలుచుండి అందుకొను ఉట్టి ఇప్పుడు అందుట లేదట. ఇది చెప్పి కూర్చుండబోవుచు ఆ సభ్యురాలు మరియొక మాట కలిపినది. పొరుగింటి ఆమె, యాబది రెండేండ్లది, ఊరిలో జరిగిన ఎముకల పరీక్షా శిబిరములో ఎముకలు తగ్గినవని చెప్పగా విని, ఈ అత్తగారి చీటీనే చూపి అవే మాత్రలు కొనుక్కొని వాడుచున్నదట.

ఈ ఇద్దరిలో మాత్ర ఎవరికి కావలెను? తరగతిలో కూర్చున్న సభ్యులను అడిగితిని. ఎక్కువమంది పొరుగింటి ఆమెకే అనిరి. వయస్సు చిన్నది, ముందుగా మొదలుపెట్టినచో మంచిది గదా, ముసలామెకు ఇప్పుడు ఇచ్చి ఏమి లాభమని వారి తర్కము. వినుటకు ఇది సబబుగానే ఉన్నది. కాని నిజము దీనికి తలక్రిందులు. ఎందుచేతనో తెలియవలెనన్నచో ముందు ఎముక సంగతి కొంత తెలిసికొనవలెను.

ఎముక రాయివంటిదని మనము తలంతుము. నిజమునకు అది చెరువుకట్టవంటిది. కట్టమీద మట్టి నెర్రెలు విచ్చిన చోట త్రవ్వి తీసివేసి, కొత్త మట్టి పోసి దిమ్మిస చేయుట గ్రామస్థులు ఎరిగిన పనియే. శరీరములో కూడ పాత ఎముకను త్రవ్వు కణములు ఒక జట్టు, కొత్త ఎముకను పూడ్చు కణములు ఒక జట్టు రేయింబవళ్లు పని చేయుచుండును. ఇరువది యైదు, ముప్పది సంవత్సరముల వరకు పూడ్చుట హెచ్చు, కట్ట బలియును. ఆ పిమ్మట కొంతకాలము రెండును సరిసమానముగా నడచును. స్త్రీలకు ముట్లుడిగిన వెంటనే త్రవ్వు జట్టునకు పగ్గములు తెగినట్లగును. అండాశయములనుండి వచ్చు ఈస్ట్రోజెన్ అను రసమే అంతవరకు ఆ జట్టును అదుపులో ఉంచినది. అది తగ్గగానే ఐదారు సంవత్సరములపాటు ఎముక వేగముగా తరిగిపోవును. పురుషులలో ఈ తరుగుదల నెమ్మదిగా జరుగును గాని జరుగకపోదు. డెబ్బది దాటిన పురుషుల తుంటి ఎముకలు కూడ విరుగుచునే ఉన్నవి.

ఇందులో మోసమేమనగా, కట్ట లోపల గుల్లబారినను పైకి తెలియదు. బోలు ఎముకల వ్యాధికి నొప్పి లేదు. మోకాళ్ల నొప్పులు, కీళ్ల అరుగుదల వేరు వ్యాధి. దానికి ఈ మందులు పని చేయవు. మోకాలి నొప్పి తగ్గునేమోయని ఈ మాత్ర వేసికొన్నవారు నొప్పి తగ్గకపోవుటచే నాలుగు వారములలో మానివేయుదురు. ఈ మాత్ర వేసికొన్నందువలన ఒంటికి తెలియు సుఖమేమియు ఉండదు. విరుగవలసిన ఎముక విరుగకుండుటయే దాని ఫలము. అట్టి ఫలము ఎవరి కంటికిని కనబడదు. వృద్ధులు దీనిని మధ్యలో మానివేయుటకు నా అభిప్రాయమున ఇదియే పెద్ద కారణము.

వెన్నుపూసలు విరుగుట మరింత గుట్టుగా జరుగును. బిందె ఎత్తినప్పుడో, మూట దించినప్పుడో పూస నలిగి కుదించుకొనిపోవును. నడుము పట్టినదని పిండికట్టు వేసికొని నాలుగు దినములు పడుకొని లేచిపోవుదురు. ఇట్టివానిలో అధిక భాగము వైద్యుని దృష్టికి రాకయే పోవుచున్నవి. ఎత్తు తగ్గుట, గూని వచ్చుట, అందిన ఉట్టి అందకపోవుట దీనికి గుర్తులు. ఏరియా ఆసుపత్రిలో వెన్నుకు ఒక ఎక్స్‌రే తీయించినచో బయటపడును. ఆ సభ్యురాలి అత్తగారి విషయములో నేను మొదట పట్టించుకొన్నది మణికట్టును, ఉట్టిని. నిలుచున్న ఎత్తునుండి పడినంతమాత్రమున ఎముక విరిగినదన్నచో అది దెబ్బ బలము కాదు, ఎముక బలహీనత. ఒకసారి అట్లు విరిగినవారికి మరల విరుగు భయము ఇతరులకంటె ఇంచుమించు రెట్టింపు. అందులోను మొదటి రెండేండ్లు అధిక ప్రమాదకరమైనవి. కట్టు కట్టినను, శస్త్రచికిత్స చేసి కడ్డీ వేసినను విరిగిన ఎముక ఒక్కటే అతుకును. మిగిలిన ఎముకలు మునుపటివలెనే గుల్లగా ఉండును. తుంటికి ఆపరేషను చేయించి ఇంటికి తెచ్చిన తల్లికి ఎముక బలమునకు మందేమైన వ్రాసినారా అని అడుగు కొడుకులు అరుదు. వ్రాయు వైద్యులు కూడ అంత తరచుగా కానరారు.

విరుగుట ఇంకను జరుగనివారి సంగతి వేరు. వీరిలో ఎవరు మందు వాడవలెనో తేల్చుటకు ఎముక సాంద్రతను కొలుతురు. డెక్సా అను యంత్రము తుంటివద్దను, నడుమువద్దను ఎముక దట్టమును కొలిచి, ఆరోగ్యవంతురాలైన యువతితో పోల్చి ఒక అంకె చెప్పును. దానిని టి-స్కోరు అందురు. మైనస్ 2.5 గాని అంతకు దిగువగాని ఉన్నచో బోలు ఎముకల వ్యాధి అనియు, మైనస్ 1 మొదలు 2.5 లోపల ఉన్నచో ఎముక కొంత తగ్గినది అనియు 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్ణయించినది. ఈ రెండవ తరగతిలో పడుట వ్యాధి కాదు. యాబది దాటిన స్త్రీలను నిలిపి కొలిచినచో అనేకులు ఇందులోనే తేలుదురు.

పంచాయతీ కార్యాలయములోనో బడి ఆవరణలోనో శిబిరములు పెట్టి మడమకు ఒక చిన్న యంత్రము తగిలించి చెప్పు అంకె ఇది కాదు. మడమను శబ్ద తరంగములతో కొలుచు ఆ యంత్రపు అంకెకు మైనస్ 2.5 అను హద్దు వర్తింపదు. దానిని చూచి మందు మొదలుపెట్టుట తగదు. శిబిరమునకు అనుమతి కోరి వచ్చినవారిని పంచాయతీ సభ్యులు ఒక ప్రశ్న వేయుట న్యాయము: ఇక్కడ తేలినవారిని తరువాత ఎవరు చూచెదరు? మందుల సంచులు మాత్రమే తెచ్చి, ఈ ప్రశ్నకు జవాబు తేనివారికి తీర్మానము వ్రాసి ఇయ్యవలసిన అవసరము లేదు.

టి-స్కోరు ఒక్కటే చాలదు. ఇంగ్లండులోని షెఫీల్డు విశ్వవిద్యాలయము 2008లో ఫ్రాక్స్ అను గణనపద్ధతిని వెలువరించినది. వయస్సు, బరువు, ఇదివరకు విరిగిన ఎముకలు, తల్లిదండ్రులలో ఎవరికైన తుంటి విరిగినదా, పొగ త్రాగుదురా, స్టెరాయిడ్ మాత్రలు వాడినారా మున్నగు ప్రశ్నలకు జవాబులు ఇచ్చినచో, రాబోవు పది సంవత్సరములలో ఎముక విరుగుటకు నూటికి ఎన్ని పాళ్లు అవకాశమున్నదో అది లెక్కకట్టును. భారతదేశమునకు ప్రత్యేకముగా ఒక లెక్క అందులో ఉన్నది. డెక్సా పరీక్ష లేకున్నను దీనిని వేయవచ్చును. పట్టణమునకు పోయి డెక్సా తీయించుకొనలేని గ్రామస్థుల విషయములో వైద్యునికి ఇది మిక్కిలి ఉపకరించును.

ఆ ప్రశ్నలలో రెండింటిని మన ప్రాంతమును బట్టి నొక్కి చెప్పవలసి ఉన్నది. మొదటిది గర్భసంచి ఆపరేషను. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 మొదలు 49 సంవత్సరముల స్త్రీలలో ఈ ఆపరేషను జరిగినవారు దేశమంతట నూటికి సుమారు ముగ్గురు కాగా, తెలంగాణములో సుమారు ఎనిమిది మంది, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు తొమ్మిది మంది. గర్భసంచితోపాటు అండాశయములను కూడ తీసివేసినచో ముప్పది యైదేండ్లకే ముట్లుడిగినట్లు లెక్క. ఎముక అప్పటినుండియే తరుగ నారంభించును. తీసినది గర్భసంచి ఒక్కటియేనా, అండాశయములు కూడనా అను సంగతి అనేకమంది స్త్రీలకు తెలియనే తెలియదు. ఆసుపత్రి ఇచ్చిన కాగితములను పారవేయక దాచుకొనుమని వారికి చెప్పవలెను.

రెండవది స్టెరాయిడ్. ఒళ్లు నొప్పులకు, ఉబ్బసమునకు, కీళ్లకు ఊరిలోని ఆర్.ఎం.పి. ఇచ్చు పొట్లములలో చిన్న తెల్లమాత్ర ఒకటి ఉండి, అది వేసికొనగానే ప్రాణము లేచి వచ్చినట్లుండినచో, అది స్టెరాయిడ్ అయి ఉండవచ్చును. ప్రెడ్నిసొలోన్ దినమునకు 5 మిల్లీగ్రాములు మూడు నెలలపాటు వాడినను ఎముక దెబ్బతినును. అట్లని దానిని ఒక్కసారిగా మానుటయు ప్రమాదమే. వైద్యుని సలహాపై క్రమముగా తగ్గింపవలెను. ఉత్తర కోస్తాలో నిప్పు నోటిలోనికి పెట్టి చుట్ట కాల్చు స్త్రీలున్నారు. పొగాకు కూడ ఎముకకు శత్రువే.

ఇప్పుడు మందు సంగతి. ఎక్కువగా వ్రాయబడు వారపు మాత్ర పేరు అలెండ్రోనేట్. అమెరికాలో 1995లో దీనిని ఈ వ్యాధికి అనుమతించిరి. మన దేశములో జనరిక్ రూపమున దొరకుచున్నది. ఈ జాతి రసాయనములను పూర్వము నీటిగొట్టములలో సున్నపు పెచ్చు కట్టకుండుటకు వాడెడివారు. ఇవి ఎముకకు అంటుకొని త్రవ్వు జట్టును నెమ్మదింపజేయునని తరువాత కనుగొనిరి. అనగా ఇది కట్టమీద కొత్త మట్టి పోయు మందు కాదు. త్రవ్వకమును ఆపు మందు.

దీనివలన ఎంత లాభము? మందుల దుకాణములో ఎముక విరుగుట సగము తగ్గునని చెప్పుదురు. సగమన్నమాట నిజమే. కాని దేనిలో సగమో అడుగవలెను. 1996లో ప్రకటింపబడిన పరిశోధనలో, అదివరకే వెన్నుపూస విరిగియున్న రెండువేల పైచిలుకు స్త్రీలను మూడేండ్లపాటు గమనించిరి. ఉత్తుత్తి మాత్ర తిన్న నూర్గురిలో 15 మందికి కొత్తగా వెన్నుపూస విరిగినది. అలెండ్రోనేట్ తిన్న నూర్గురిలో 8 మందికి. తుంటి విరిగినది మొదటి వర్గములో వేయిమందికి 22 గురికి, రెండవ వర్గములో 11 మందికి. కావున ఇట్టి స్త్రీలు నూర్గురు మూడేండ్లు మాత్ర తిన్నచో ఏడుగురి వెన్ను, ఒకరి తుంటి దక్కుచున్నవి. మిగిలినవారికి మాత్ర తిన్నను తినకున్నను ఒకటే. ఆ ఏడుగురు, ఆ ఒక్కరు ఎవరో ముందుగా తెలియదు గనుకనే అందరును తినవలసి వచ్చుచున్నది.

వెన్ను విరుగని నాలుగువేల నాలుగువందలమంది స్త్రీలపై జరిగిన పరిశోధనను 1998లో ప్రకటించిరి. టి-స్కోరు మైనస్ 2.5 గాని అంతకు దిగువగాని ఉన్నవారిలో ఎముకలు విరుగుట తగ్గినది. అంతకు ఎగువ ఉన్నవారిలో చెప్పుకోదగిన మేలు కనబడలేదు. పొరుగింటి ఆమెకు మాత్ర ఎందులకు అక్కరలేదో ఇక్కడ తెలియుచున్నది. ప్రమాదము స్వల్పమైనచో సగము తగ్గినను తగ్గునది స్వల్పమే. అత్తగారికి ప్రమాదము పెద్దది. అందులో సగము తగ్గుట పెద్ద లాభము. ముసలివారికి ఇచ్చి ఏమి లాభమను తర్కము తప్పినది ఇచ్చటనే.

నష్టమును గూర్చి దాపరికము పనికిరాదు. మరిది చూచినది అబద్ధము కాదు. దవడ ఎముకలో కొంత భాగము చచ్చి, చిగురు మానకపోవు వికారము ఈ మందులు వాడినవారిలో కానవచ్చినది. అయితే అది ఎక్కువగా కాన్సరు రోగులకు హెచ్చు మోతాదులో సూదిమందుగా ఇచ్చినప్పుడు వచ్చినది. ఎముకల బలమునకు ఇచ్చు మోతాదులో పదివేలమంది ఒక ఏడాది వాడినచో ఒకరికి రావచ్చును, లేక అంతకంటెను తక్కువ. పండ్లు పీకించుకొన్న తరువాతనే ఇది తరచుగా మొదలగును. కావున పుచ్చిన పండ్లు ఉన్నచో ముందు వానిని తీయించి, చిగురు మానిన పిమ్మట మందు మొదలుపెట్టవలెను. మొదలుపెట్టిన తరువాత పన్ను తీయు వైద్యునికి ఈ మందు పేరు చెప్పవలెను.

రెండవ నష్టము చాలకాలము వాడినవారిలో వచ్చును. త్రవ్వకము బొత్తిగా ఆగిపోయిన కట్టలో పాత నెర్రెలు నెర్రెలుగనే మిగిలిపోవును గదా. అట్లే తొడ ఎముక నడిమి భాగమున చిన్న పగులు ఏర్పడి, ఒకనాడు ఆ ఎముక అడ్డముగా విరుగవచ్చును. ఇది కూడ అరుదే. కాని సంవత్సరములు గడచినకొలది అవకాశము పెరుగును. మందు వాడుచున్నవారికి తొడలోగాని గజ్జలోగాని వారముల తరబడి నొప్పి ఉన్నచో ఉపేక్షింపక ఎక్స్‌రే తీయింపవలెను. ఈ కారణముచేతనే మాత్రలు ఐదేండ్లు వాడిన పిమ్మట, ఏడాదికొక సూదిమందైనచో మూడేండ్ల పిమ్మట, వైద్యుడు తిరిగి ఆలోచించి, ప్రమాదము తగ్గినవారికి కొంతకాలము విరామము ఇచ్చును. మందు ఎముకలో నిలిచియుండుటచే ఆ విరామములో మేలు వెంటనే పోదు. జీవితాంతము తినవలెనేమోయని భయపడి మానువారికి ఈ సంగతి చెప్పవలసి ఉన్నది.

నిత్యము ఎదురగు చిక్కు ఇంతకంటె చిన్నది. గొంతులోను, గుండెలోను మంట. ఇది చాలవరకు మాత్ర వేసికొను పద్ధతిలోని లోపము. ఉదయము లేవగానే, కాఫీకి ముందు, పరగడుపున, నిండు గ్లాసు మంచినీటితో మింగవలెను. పాలతో, కాఫీతో, టీతో మింగినచో మందు ఒంటికి పట్టదు. అరగంట వరకు ఏమియు తినరాదు, పడుకొనరాదు, కూర్చుండవచ్చును, నడువవచ్చును. కాల్షియం మాత్రను వేరొక వేళకు మార్చుకొనవలెను. వారమునకు ఒక దినమును ఏర్పరచుకొనుట మంచిది. అరగంటయైనను కూర్చుండలేని రోగికి, మ్రింగుట కష్టమైనవారికి, మూత్రపిండములు బాగుగా చెడినవారికి, రక్తములో కాల్షియం తగ్గియున్నవారికి ఈ మాత్ర తగదు. ఆ మూత్రపిండముల పరీక్ష, కాల్షియం పరీక్ష ముందుగా చేయించుటకు వైద్యుని అడుగుట అమర్యాద కాదు.

మాత్ర పడనివారికి జోలెడ్రోనిక్ ఆసిడ్ అను మందును ఏడాదికి ఒక్కసారి సెలైనువలె నరములోనికి ఎక్కింతురు. మొదటిసారి రెండు మూడు దినములు జ్వరము, ఒళ్లు నొప్పులు రావచ్చును. ప్రతి వారము గుర్తుంచుకొనలేని ఒంటరి వృద్ధులకు ఇది అనుకూలము. దీనికి కూడ మూత్రపిండములు బాగుండవలెను. డెనోసుమాబ్ అను మరియొక సూదిమందును ఆరు మాసములకు ఒకసారి ఇత్తురు. అది మంచి మందే, కాని ఒక పట్టింపు కలదు. వేళ తప్పించినను, వేరొక మందు అందుకొనక మానివేసినను, అంతవరకు ఆగిన త్రవ్వకము ఒక్కుమ్మడిగా సాగి వెన్నుపూసలు ఒకదానివెంట ఒకటి విరిగిన సందర్భములు కలవు. కూలికి పోవు కుటుంబము ఆరు నెలలకొకసారి పట్టణమునకు వచ్చి, డబ్బు కట్టి, తప్పక వేయించుకొనగలదా అని మొదటనే ఆలోచింపవలెను. ఎముకను నిజముగా పెంచు టెరిపారటైడ్ అను మందు ప్రతిదినము పొడిపించుకొనవలసిన ఖరీదైన సూది. తీవ్రముగా విరిగినవారికి మాత్రమే ఇత్తురు.

మందు అక్కరలేనివారు ఏమి చేయవలెను? మందు వాడువారు చేయవలసినదే వీరును చేయవలెను. జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము పెద్దలకు దినమునకు 1000 మిల్లీగ్రాములు, ముట్లుడిగిన స్త్రీలకు 1200 మిల్లీగ్రాములు కాల్షియం కావలెను. నూరు గ్రాముల రాగులలో 360 మిల్లీగ్రాములకు పైగా ఉన్నది. రాగి సంకటి, అంబలి తిన్న మన పెద్దలు ఈ లెక్క ఎరుగకయే తినిరి; మనము ఎరిగియు తెల్లబియ్యమునకు మారితిమి. పాలు, పెరుగు, మజ్జిగ, ముళ్లతో నమలదగిన చిన్నచేపలు కూడ మంచివే. ఎండకు లోటులేని దేశము గదా, విటమిన్ డి కొరత మనకెక్కడిదని అందురు. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ వైద్యులు 2007లో ప్రకటించిన పరిశోధనలో పల్లెవారిలోను, పట్టణవాసులలోను ఈ కొరత, ఆహారములో కాల్షియం తక్కువ కనబడినవి. ఈ రెండు లోట్లు పూడ్చకుండ పై మందులేవియు సరిగా పనిచేయవు. అట్లే కాల్షియం మాత్ర ఒక్కటే, విరిగిన ఎముకగల రోగికి చికిత్స కాదు.

ఫ్లోరైడు నీరు గల గ్రామములవారు ఒక సంగతి గమనింపవలెను. 1937లో నాటి నెల్లూరు జిల్లాలోని గ్రామములలో వైద్యులు వర్ణించిన ఆ వ్యాధి తరువాత నల్లగొండ జిల్లాలో ఎందరిని వంచినదో మనకు తెలియును. ఫ్లోరైడు పట్టిన ఎముక ఎక్స్‌రేలో దట్టముగా కనబడును. దట్టమైనంతమాత్రమున అది బలమైనది కాదు. ఒకప్పుడు సోడియం ఫ్లోరైడునే ఈ వ్యాధికి మందుగా ఇచ్చి చూచిరి. 1990లో అమెరికాలో ప్రకటింపబడిన పరిశోధనలో నాలుగేండ్లలో నడుము ఎముక సాంద్రత నూటికి 35 వంతులు పెరిగినది. అయినను వెన్నుపూసలు విరుగుట తగినంతగా తగ్గలేదు సరిగదా, ఇతర ఎముకలు విరుగుట హెచ్చినది. కావున అట్టి గ్రామమునుండి వచ్చిన రోగి, తాను త్రాగు నీటి సంగతిని వైద్యునికి తప్పక చెప్పవలెను. అక్కడ సాంద్రత అంకె మంచిగా ఉన్నదని ధైర్యపడుటకు వీలులేదు.

పడకుండుట మాట మిగిలియున్నది. ఇందులో వైద్యునికంటె పంచాయతీకే పని హెచ్చు. బోరింగు గట్టుమీది పాచిని గీకించుట, వృద్ధులు నడచు సందులో వీధిదీపము వెలుగునట్లు చూచుట, మురుగుకాలువపై ఊగు బండను సరిచేయించుట మన చేతిలో పనులు. కంటిశుక్లము ముదిరినవారిని ఆపరేషనుకు పంపుట కూడ ఎముకల వైద్యమే. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార సమితి కూర్చున్నప్పుడు ఊరిలో యాబది దాటి చిన్నపాటి పాటుకే ఎముక విరిగినవారి పేర్లను ఆశా కార్యకర్తచేత వ్రాయించి, ప్రాథమిక ఆరోగ్య కేంద్ర వైద్యునికి చూపవచ్చును. మందు వేసికొనుమని గాని మానుమని గాని చెప్పుట మాత్రము సభ్యుల పని కాదు. అది రోగి, వైద్యుడు కలిసి తేల్చుకొనవలసిన విషయము. రోగి అన్నప్పుడు ఆ వృద్ధురాలే గాని, ఆమె కొడుకో మరిదియో కాదు.

కొన్ని వారముల తరువాత ఆ వార్డు సభ్యురాలు ఫోను చేసినది. అత్తగారిని ఏరియా ఆసుపత్రికి తీసికొనిపోగా వెన్ను ఎక్స్‌రేలో రెండు పూసలు కుదించుకొనిపోయినట్లు తేలినదట. దవడ సంగతి అత్తగారే వైద్యుని అడిగినదట. పుచ్చిన పండ్లు రెండు ఉన్నవని తీయించి, రెండు నెలలు ఆగి మొదలుపెట్టుదమని ఆయన చెప్పినాడట. ఆమె ఒప్పుకొన్నది. మాత్రకు సంతరోజును ఏర్పరచుకొన్నది. ఆనాడు ఇంటిలో అందరును వేకువనే లేతురు గనుక మరచిపోదట. పొరుగింటి ఆమెకు ఆరోగ్య కేంద్ర వైద్యుడు ప్రశ్నలన్నియు వేసి, ఇప్పుడు అక్కరలేదు, అరువది దాటిన తరువాత చూతమన్నాడట. ఆమె మాత్రలు మానివేసినది. మరొక మాట కూడ వైద్యుడు అడిగినాడట: పదేండ్ల క్రిందట జరిగిన గర్భసంచి ఆపరేషనులో అండాశయములు తీసినారా, లేదా అని. ఆ కాగితములకై ఆమె ఇంటిలో పెట్టెలన్నియు వెదకుచున్నదట.